ఎడారిలో పళ్ళ చక్రాల గడియారాలు చేసే జాతి: నా నవల కోసం సలహాలు కావాలి

ఇసుకతిన్నె:

అందరికీ నమస్కారం. ఏడాదిన్నరగా తెలుగులో ఒక ఫాంటసీ నవల రాస్తున్నాను. అందులో కీలరులు అని ఒక ఎడారి జాతి ఉంది. కీలు అనే మాట నుంచే ఆ పేరు పెట్టాను, మన కీలుబొమ్మ, కీలుగుర్రం ఉన్నాయి కదా, అలాగ. వీళ్ళు పళ్ళ చక్రాలతో, స్ప్రింగులతో, బరువులతో పనిచేసే యంత్రాలు చెయ్యడంలో లోకమంతా పేరుపొందినవాళ్ళు. చిన్నప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే టైముకి ముందే వెళ్ళి నేల మీద కూర్చుని, ఆ గడ్డం మనిషి చిన్న తలుపు తీసుకుని ఎప్పుడు బయటికొస్తాడా అని ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి. ఈ నవలకు విత్తనం అక్కడే పడింది.

ఇప్పుడు సమస్య ఏమిటంటే, మొదటి ఎనిమిది అధ్యాయాలు చదివిన ఒక ఫ్రెండ్ సూటిగా అడిగింది: "ఎడారి అన్నావు, ఒంటెలు, గుడారాలు, ఖర్జూరాలు అన్నీ బావున్నాయి, మధ్యలో ఈ గడియారాలు ఎందుకొచ్చాయి? వీళ్ళు సముద్రం ఒడ్డునో అడవిలోనో ఉంటే కథలో ఏం మారుతుంది?" నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు నిద్ర పట్టలేదు, నిజంగా. ఎందుకంటే ఆ జాతిని నేను ప్రేమించి రాస్తున్నాను, వాళ్ళు ఊరికే చూడ్డానికి వింతగా ఉండే జనంగా మిగిలిపోవడం నాకు ఇష్టం లేదు.

ఇప్పటికి నా దగ్గర ఉన్నవి: కీ ఇస్తే నడిచే ఇత్తడి ఒంటెలు, కోట కాపలాకి యంత్ర సైనికులు, ఊరి మధ్యలో పెద్ద గడియార స్తంభం. మాయలూ మంత్రాలూ ఏమీ లేవు, అన్నీ పనిచేసే యంత్రాలే. ఇందులో ఏది నమ్మేలా ఉంది, ఏది లేదు? అసలు ఎడారి మనుషులకి గడియారం ఎందుకు కావాలి? చరిత్ర తెలిసినవాళ్ళు, మెకానికల్ వాళ్ళు, రిపేరు పని తెలిసినవాళ్ళు ఎవరైనా సరే, తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

నిజ్వా_తెలుగోడు:

అన్నా, నేను ఒమాన్‌లో పదకొండేళ్ళుగా పని చేస్తున్నా, నిజ్వా దగ్గర. నీ ఫ్రెండ్ అడిగిన ప్రశ్నకి జవాబు నేను రోజూ చూస్తుంటా. ఎడారి మనిషికి టైము కావాల్సింది నీళ్ళ కోసం.

ఇక్కడ ఫలజ్ అంటారు, కొండల అడుగునో వాగు పక్కనో దొరికే నీటిని వాలుగా తవ్విన కాలువలో కిలోమీటర్ల దూరం ఊరికి తెస్తారు. మోటారు లేదు, పంపు లేదు, వాలు మీదే నడుస్తుంది. నిజ్వాలో ఉన్న ఫలజ్ దారిస్‌తో కలిపి అయిదు ఫలజ్‌లని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కాలువ ఒకటే, తోటలు వందలు. మరి నీళ్ళని ఎలా పంచుతారు? బిందెలతో కొలవరు, టైముతో కొలుస్తారు. ఒక వంతుని అథర్ అంటారు, సుమారు అరగంట. నీకు రెండు అథర్‌లుంటే ఆ గంటసేపు కాలువ మొత్తం నీ తోటలోకే పారుతుంది, టైము అవగానే అడ్డు మార్చి పక్కవాడికి వదలాలి. పగలు ఎండగడియారం, అంటే ఒక నిలువు కర్ర, దాని నీడ పడేచోట నేల మీద గుర్తులు. రాత్రి నక్షత్రాలు, ఫలానా చుక్క ఫలానా కొండ మీదికి వస్తే ఫలానా వాళ్ళ వంతు మొదలు. ఒక ఊళ్ళో ఆ కర్ర పక్కన ఒక ముసలాయనతో కూర్చుని టీ తాగా, ఆయనకి చేతికి వాచీ ఉంది, అయినా నీడ వైపే చూస్తున్నాడు.

సముద్రం ఒడ్డున ఉన్నవాడికి అయిదు నిమిషాలు అటూ ఇటూ అయితే నష్టం లేదు. ఎడారిలో అయిదు నిమిషాలంటే నాలుగు ఖర్జూరం చెట్లు. అందుకని నీ కీలరులు గడియారాలు సరదా కోసం చెయ్యలేదు, కొట్టుకు చావకుండా ఉండటానికి చేశారు. అలా రాయి, నమ్ముతారు.

ఇంకొకటి, ఎడారిలో లోహం ఎక్కడిది అని ఎవరైనా అడిగితే భయపడకు. ఒమాన్ కొండల్లో నాలుగు వేల ఏళ్ళ కిందటే రాగి తీసి కరిగించేవాళ్ళు, మెసొపొటేమియా వాళ్ళు మగాన్ అని రాసుకున్న దేశం ఇదేనని ఎక్కువమంది పండితులు అంటారు. ఖనిజం కొండలో ఉంటుంది, ఇబ్బందంతా కట్టెల దగ్గరే. రాగి కరగాలంటే బొగ్గు కావాలి, బొగ్గుకి చెట్లు కావాలి, ఎడారిలో చెట్టు కొట్టడమంటే బిడ్డ నోటి దగ్గరి ముద్ద లాక్కోవడమే. కాబట్టి వాళ్ళు ఒక్క పళ్ళ చక్రాన్ని కూడా పారెయ్యరు. తాత చేసిన చక్రం మనవడి యంత్రంలో ఉంటుంది. పెళ్ళికి బంగారం బదులు చక్రం పెడతారేమో ఆలోచించు.

పాలమూరు_పిల్ల:

నిజ్వా అన్న చెప్పింది చదువుతుంటే మా తాత గుర్తొచ్చిండు. మా దగ్గర చెరువు కింద నీళ్ళు పంచడానికి నీరటి ఉండేవాడు. తూము తెరవడం, ఏ మడికి ఎంతసేపు అన్నది చూడటం ఆయన పని, పంట చేతికొచ్చాక ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్ళు. ఊళ్ళో పెద్ద రైతులు కూడా నీరటి మాటకి ఎదురు చెప్పకపోయేది. ఆయనకి పొలం ఉండదు, డబ్బు ఉండదు, కానీ కరువు ఏడాదిలో ఊరంతా ఆయన ముఖమే చూసేది. ఇసుకతిన్నె గారూ, మీ కీలరుల్లో గడియారం దగ్గర కూర్చునే మనిషి ఎవరు? అతని హోదా ఏమిటి? అది తేల్చకుండా చక్రాల వర్ణన ఎంత రాసినా జాతి కళ్ళకి కట్టదని నా అభిప్రాయం.

ఇరాన్‌లో గొనాబాద్ వైపు కూడా ఇదే పద్ధతి ఉండేది, అక్కడ కాలువని కనాత్ అంటారు. అక్కడి గడియారం ఏమిటో తెలుసా? పెద్ద పాత్రలో నీళ్ళు, దాని మీద తేలే చిన్న గిన్నె, గిన్నె అడుగున సన్నటి రంధ్రం. నీళ్ళు మెల్లగా ఎక్కి గిన్నె మునిగిపోతే ఒక లెక్క. కూర్చున్న మనిషి దాన్ని తీసి ఖాళీ చేసి మళ్ళీ తేలేస్తాడు, ఒక గులకరాయి పక్కన పెడతాడు. రాత్రీ పగలూ అదే పని.

ఈ గిన్నె మనకి కొత్త కాదు. ఘటికా యంత్రం ఇదే. గిన్నె ఒకసారి మునిగితే ఒక గడియ, 24 నిమిషాలు, అవి 60 అయితే ఒక రోజు. గడియారం అనే మాట కూడా అక్కడినుంచి వచ్చిందే, అంటే మనం రోజూ నోటితో పలికే మాటలో ఆ రంధ్రమున్న గిన్నె ఉంది. 1206లో అల్ జజరీ అనే ఆయన, ఇప్పటి టర్కీలోని దియార్‌బకిర్‌లో రాజుల దగ్గర పనిచేసినాయన, 50 యంత్రాల నిర్మాణం వివరిస్తూ గ్రంథం రాసిండు. అందులో ఏనుగు గడియారం ఉంది, ఏనుగు మీద మావటి, పైన పక్షి, పాములు, అరగంటకొకసారి అన్నీ కదులుతయి. ఇంత ఆర్భాటానికీ ఏనుగు పొట్టలో ఉన్నది ఏమిటంటే నీటి తొట్టి, అందులో మునిగే రంధ్రమున్న గిన్నె! నాకైతే ఇది చదివినప్పుడు ఒళ్ళు పులకరించింది.

మన సూర్యసిద్ధాంతం అనే పాత ఖగోళ గ్రంథంలో కూడా కాలం కొలవడానికి నెమలి, మనిషి, కోతి ఆకారంలో యంత్రాలు చెప్పారు, లోపల దారాలు, ఇసుక ఉంటాయని. నీటి బదులు ఇసుక! ఎడారి జాతికి ఇంతకంటే ఏం కావాలి. మీ యంత్ర సైనికుల బదులు ఇసుక కారుతుంటే మెల్లగా పురి విప్పే నెమలిని పెట్టి చూడండి.

బరువు_గొలుసు:

మెకానికల్ ఇంజనీర్‌ని. ఇసుకతిన్నె గారూ, మీరు మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నాను, ఇత్తడి ఒంటెలూ యంత్ర సైనికులూ పని చెయ్యవు. లెక్క చూపిస్తాను, దాని వల్ల మీ కథకి నష్టం లేదు, లాభమే.

స్ప్రింగు, బరువు ఇవి శక్తిని పుట్టించవు, దాస్తాయి అంతే. పది కిలోల బరువుని రెండు మీటర్లు పైకి లేపితే అందులో దాగేది దాదాపు 200 జౌల్స్ (శక్తిని కొలిచే లెక్క). 60 కిలోల మనిషి ఒక అంతస్తు మెట్లెక్కితే దీనికి తొమ్మిది రెట్లు కావాలి. స్ప్రింగు కూడా అంతే, ఒక కిలో మంచి స్టీలు స్ప్రింగుని పూర్తిగా బిగిస్తే మహా అయితే కొన్ని వందల జౌల్స్, అంటే ఒక బకెట్ నీళ్ళు రెండు మూడు మీటర్లు లేపినంత. 20 కిలోల స్ప్రింగు పొట్టలో పెట్టుకున్న సైనికుడు రెండు మూడు అంతస్తులు ఎక్కేసరికి ఆగిపోతాడు, అదీ రాపిడి అసలు లేదనుకుంటే. అతనికి కీ ఇవ్వడానికి ఇంకో మనిషి చెమటోడ్చాలి, ఆ మనిషే కత్తి పట్టుకుంటే సరిపోతుంది కదా.

మరి గడియారం రోజంతా ఎలా నడుస్తుంది? ఆ 200 జౌల్సునే రోజంతా సన్నగా, తొందరపడకుండా ఖర్చు పెడుతుంది. చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున ఆపి వదిలే కొక్కెం ఉంటుంది, ఎస్కేప్‌మెంట్ అంటారు, మనం వినే టిక్ టిక్ దాని శబ్దమే. అందుకని కీలరుల ప్రతిభ బలంలో కాదు, ఆపి వదలడంలో ఉండాలి. సరైన క్షణాన ఒక గొళ్ళెం తప్పించడం, ఒక తలుపు పడిపోయేలా చెయ్యడం, ఒక రాయి జారేలా చెయ్యడం, ఇవన్నీ తక్కువ శక్తితో అయ్యే పనులు. శత్రువు వచ్చాడంటే సైనికులు కదలక్కర్లేదు, ఊరి బావులన్నీ ఒకేసారి మూతపడితే చాలు.

ఇక శక్తి ఎక్కడినుంచి? ఇరాన్, అఫ్గానిస్తాన్ సరిహద్దులో సీస్తాన్ అనే ప్రాంతం ఉంది, అక్కడ వేసవిలో "120 రోజుల గాలి" అని వీస్తుంది, పేరే అది. వెయ్యేళ్ళకి ముందే అక్కడివాళ్ళు గాలిమరలు కట్టారు, మనం బొమ్మల్లో చూసే రకం కాదు, మట్టి గోడల మధ్య నిలువు ఇరుసు చుట్టూ తిరిగే రెక్కలు. అలాంటి మరలు ఇరాన్‌లోని నష్తిఫాన్‌లో ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

ఇప్పుడు మీ గడియార స్తంభం తీసుకోండి. గాలి వీచే నాలుగు నెలల్లో మరలతో పది టన్నుల రాతిని పది మీటర్ల ఎత్తుకి లేపి పెట్టారనుకోండి, అందులో దాదాపు 9,80,000 జౌల్స్ ఉంటాయి. నీటి తలుపు అరగంటకొకసారి మార్చాలి, రోజుకి 48 సార్లు, ఒక్కోదానికి 500 జౌల్స్ వేసుకుందాం, రోజుకి 24,000. రాపిడికి సగం పోయినా ఒక రాయి 20 రోజులు వస్తుంది. గాలి లేని ఎనిమిది నెలలకి 12 రాళ్ళు కావాలి. మీ ఊళ్ళో 12 స్తంభాలు, ఒక్కో రాయి దిగే 20 రోజులు వాళ్ళకి ఒక నెల, అదే వాళ్ళ పంచాంగం. పన్నెండో రాయి నేల తాకేలోపు గాలి రావాలి.

ఒక ఏడాది రాకపోతే?

ఇసుకతిన్నె:

బరువు_గొలుసు గారూ, ఆ చివరి వాక్యం చదివి లేచి ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. నవల మధ్యభాగం మొత్తం మీరు ఇచ్చేశారు. సైనికులని తీసేస్తున్నాను, ఒంటెల్ని కూడా, వాటి మీద బెంగ ఉంది కానీ తీసేస్తున్నాను.

పాలమూరు_పిల్ల గారూ, గడియారం దగ్గర కూర్చునే మనిషి గురించి మీరు అడిగింది నేను అసలు ఆలోచించని విషయం. ఇప్పుడు నా కథానాయిక ఆవిడే అవుతుందేమో. నీరటి గురించి మీ తాతగారు ఇంకేమైనా చెప్పి ఉంటే దయచేసి రాయండి.

ఒక అనుమానం మిగిలింది. గిన్నె గడియారం అంత సులువుగా, అంత చవగ్గా పని చేస్తుంటే, ఇంత కష్టపడి పళ్ళ చక్రాల దాకా ఎందుకు వెళ్ళారు? గిన్నెతో సరిపెట్టుకోకపోవడానికి గట్టి కారణం కావాలి. నీళ్ళు వృథా అవుతాయి అనుకుందామంటే పాత్రలో నీళ్ళు పాత్రలోనే ఉంటాయి, మహా అయితే కాస్త ఆవిరవుతాయి.

బరువు_గొలుసు:

కారణం ఉంది, చాలా గట్టిది. నీరు వేడెక్కితే పలచబడుతుంది. 20 డిగ్రీల దగ్గర నీటికి ఉండే చిక్కదనం 40 డిగ్రీలకి వచ్చేసరికి దాదాపు మూడింట రెండు వంతులకి పడిపోతుంది. రంధ్రం సన్నగా, కాస్త పొడవుగా ఉంటే పలచటి నీరు దాంట్లోంచి త్వరగా ఎక్కుతుంది. అంటే ఎండాకాలం మధ్యాహ్నం గిన్నె త్వరగా మునుగుతుంది, తెల్లవారుజామున చల్లటి నీటిలో మెల్లగా మునుగుతుంది. పేరుకి ఇద్దరిదీ ఒక గిన్నె వంతే, కానీ మధ్యాహ్నం వంతు ఉన్నవాడికి నీళ్ళు తక్కువ పారతాయి. పైగా మధ్యాహ్నం పారిన నీటిలో కొంత ఆవిరి.

మరి మధ్యాహ్నం వంతు ఎవరికి వస్తుంది? అది మీరు రాయాలి.

పాలమూరు_పిల్ల:

ఎవరికొస్తది, అడగాలా? కడగొట్టు రైతుకి వస్తది. కాలువ చివర ఉన్నోడికి, ఊరికి ఆఖర్న వచ్చి చేరినోడికి. తాత చెప్పేవాడు, చెరువు నిండినప్పుడు అందరూ అన్నదమ్ములే, చెరువు తగ్గినప్పుడు చివరి మడి మొదట ఎండుతదని.

ఇసుకతిన్నె గారూ, మీ కథ ఇక్కడ మొదలైతది అనిపిస్తోంది నాకు. తరతరాలుగా మధ్యాహ్నం వంతు వాళ్ళకి గిన్నె మోసం చేస్తోంది అని లోలోపల తెలుసు, కానీ రుజువు లేదు, ఎందుకంటే ఊళ్ళో ఇంకో గడియారం లేదు. గిన్నె దేవుడిచ్చినట్టు పవిత్రం, అది తప్పు చెప్పదు. అప్పుడు ఒక మనిషి నీళ్ళతో పని లేకుండా, పగలూ రాత్రీ ఒకేలా నడిచే దాన్ని చెయ్యడానికి కూర్చుంటాడు, లేదా కూర్చుంటుంది. మొదటి పళ్ళ చక్రం ఆ కోపంలోంచి పుట్టిందని రాయండి. తర్వాత వందేళ్ళకి వాళ్ళు లోకప్రసిద్ధి పొందొచ్చు, రాజులు పిలిచి బొమ్మలు చేయించుకోవచ్చు, కానీ ఆ జాతి తల్లులు పిల్లలకి చెప్పే కథ మాత్రం మధ్యాహ్నం వంతు కథే అయి ఉండాలి.

తాత గురించి అడిగారు కదా, నాకు గుర్తున్నది ఒకటి. కరువు ఏడాది నీరటి తన ఇంట్లో పడుకోడు, తూము మీదే పడుకుంటాడు. తన అన్న కొడుకు వచ్చి అర్ధరాత్రి ఒక గడియ ఎక్కువ వదలమని అడిగితే, వాడికి తన గంజి పోసి పంపించిండంట కానీ తూము ముట్టలేదంట.

పాత_వాచీలు:

ఈ పోస్టు ఆలస్యంగా చూశాను. మాది అనంతపురం. నాన్నగారికి వాచీ రిపేరు షాపు ఉండేది, నేను పన్నెండేళ్ళప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని కంటికి లెన్స్ పెట్టుకుని నేర్చుకున్నాను, ఇప్పటికీ ఇంట్లో కీ ఇచ్చే గడియారాలు, పాత హెచ్‌ఎమ్‌టీ వాచీలు బాగు చేస్తుంటాను. అందరూ గొప్పగా రాశారు. కానీ ఎవరూ దుమ్ము గురించి రాయలేదు!

మా ఊళ్ళో ఎండాకాలం గాలి లేస్తే గోడగడియారాలు వరసగా షాపుకి వచ్చేవి. దుమ్ము చక్రాల మధ్య పడితే పెద్ద ఇబ్బంది లేదు, ఇరుసు తిరిగే రంధ్రంలో పడితే ప్రమాదం. అక్కడ నూనె వేస్తాం కదా, దుమ్ము నూనెలో కలిసి ఆకురాయి ముద్దలా తయారై, ఇరుసునీ రంధ్రాన్నీ మెల్లగా అరగదీస్తుంది. గుండ్రటి రంధ్రం కోడిగుడ్డులా అవుతుంది, చక్రం పక్కకి వాలుతుంది, పళ్ళు కలవవు, ఆగిపోతుంది. మీది ఎడారి, పైగా నాలుగు నెలలు గాలి. నూనె వేసిన గడియారం అక్కడ ఒక్క ఏడాది కూడా సరిగ్గా నడవదు.

దీనికి విరుగుడు చరిత్రలో ఉంది. ఇంగ్లండ్‌లో జాన్ హారిసన్ అనే వడ్రంగి, తర్వాత ఓడల మీద కచ్చితంగా నడిచే గడియారం చేసి పేరు తెచ్చుకున్నాయన, 1722 ప్రాంతంలో బ్రాక్లెస్‌బీ పార్క్ అనే చోట గుర్రపుసాల మీద ఒక గడియారం పెట్టాడు. చక్రాలు చెక్కవి. ఇరుసులు తిరిగే చోట లిగ్నమ్ వైటీ అనే చెక్క వాడాడు, దాంట్లోనే సహజంగా జిడ్డు ఉంటుంది, నూనె వెయ్యక్కర్లేదు. మూడు వందల ఏళ్ళు గడిచినా అది ఇంకా నడుస్తోంది. మీ ఎడారిలో అలాంటి జిడ్డు చెక్క ఇచ్చే ముళ్ళ చెట్టు ఒకటి కల్పించండి, వందేళ్ళకి గానీ ముదరదని చెప్పండి. ఇత్తడి కన్నా ఆ చెక్క ఖరీదు. ఎవరైనా దాన్ని పొయ్యిలో పెడితే ఊరు వెలివేస్తుంది.

తర్వాత వేడి. గిన్నెలో నీటికి వేడి తగిలితే తప్పు వస్తుందని బరువు_గొలుసు గారు చెప్పారు, నిజమే, కానీ లోహానికీ వస్తుంది. లోలకం కడ్డీ వేడికి సాగుతుంది, సాగితే నిదానంగా ఊగుతుంది. ఇనుప కడ్డీ అయితే 30 డిగ్రీల తేడాకి రోజుకి 15 సెకన్ల పైన వెనకబడుతుంది, ఇత్తడి అయితే దాదాపు 25. చేతి వాచీలో ఉండే ఊగే చక్రం, దాని సన్న స్ప్రింగు ఇంకా సున్నితం, పాతకాలం స్టీలు స్ప్రింగుకి ఏ విరుగుడూ చెయ్యకపోతే ఒక్క డిగ్రీకి రోజుకి పది సెకన్ల దాకా తేడా. హారిసన్ దీనికి ఇత్తడి, స్టీలు కడ్డీలని పక్కపక్కన బిగించి ఒకటి కిందికి సాగితే ఇంకొకటి పైకి సాగేలా లోలకం చేశాడు. కీలరులు పగలు యాభై, రాత్రి ఇరవై ఉండే చోట బతుకుతున్నారు. ఏ లోహం ఎంత సాగుతుందో లోకంలో అందరికన్నా ముందు తెలుసుకునేది వాళ్ళే. ఈ విద్య మీద వాళ్ళకి పట్టు ఉండటానికి ఎడారే కారణం, మీ ఫ్రెండ్‌కి ఈ మాట చెప్పండి.

ఇంకొకటి, ఎంత మంచి గడియారమైనా దాన్ని సరిచూసుకోవడానికి ఒకటి కావాలి. ఎడారిలో మబ్బు ఉండదు, సూర్యుడు రోజూ కనిపిస్తాడు. జైపూర్ జంతర్ మంతర్‌లో సమ్రాట్ యంత్రం చూడండి, 27 మీటర్ల ఎత్తు, దాని నీడ సెకనుకి సుమారు ఒక మిల్లీమీటరు కదులుతుంది, కళ్ళతో చూడొచ్చు. అది చూసినప్పుడు నేను చాలాసేపు అక్కడినుంచి కదల్లేదు. మీ ఊళ్ళో గడియారం ఉన్నా నీడ కర్రని తీసెయ్యకండి, రోజూ మధ్యాహ్నం రెండింటినీ కలిపి చూసే ఒక చిన్న తంతు పెట్టండి.

బరువు_గొలుసు:

పాత_వాచీలు గారి పోస్టుకి ఒక్కటే కలుపుతాను. ఆ పగలు రాత్రి వేడి తేడా గడియారానికి శత్రువు అన్నారు, అదే కీ కూడా ఇవ్వగలదు. 1928లో రాయ్టర్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు అట్మోస్ అనే గడియారం చేశాడు, ఇప్పుడు తయారవుతున్న వాటిలో మూసిన డబ్బాలో వాయువు ఉంటుంది, గది వేడెక్కితే ఉబ్బుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది, ఆ కదలికే స్ప్రింగుని బిగిస్తుంది. ఒక్క డిగ్రీ తేడా చాలు, రెండు రోజులు నడుస్తుంది. మీ ఎడారిలో రోజుకి 30 డిగ్రీలు! పెద్ద పనులు చెయ్యలేదు, తలుపులు తియ్యలేదు, కానీ చిన్న గడియారం ఒకటి ఎవరూ ముట్టకుండా ఏళ్ళ తరబడి నడుస్తుంది. పాడుబడిన ఊళ్ళో, ఇసుక కప్పేసిన ఇంట్లో, మనుషులు వెళ్ళిపోయి యాభై ఏళ్ళయినా టిక్ టిక్‌మంటున్న గడియారం మీ కథలో ఎవరికో ఒకరికి దొరకాలి.

ఇసుకతిన్నె:

నాలుగు రోజులు ఇటు రాలేదు, మొదటి అధ్యాయం తిరగరాస్తూ కూర్చున్నాను. ఇప్పుడు కథ మధ్యాహ్నం వంతు దగ్గర మొదలవుతోంది. గిన్నె దగ్గర కూర్చునే ముసలావిడ, ఆవిడ మనవరాలు. మనవరాలికి చూపు సరిగ్గా లేదు, కానీ చెవులు పాము చెవులు, చక్రం తిరిగే శబ్దం వింటే చాలు, జబ్బు ఎక్కడుందో చెప్తుంది. పదకొండో రాయి దిగుతున్నప్పుడు స్తంభం లోపలి శబ్దం మారిందని మొదట కనిపెట్టేది ఆ పిల్లే. పాత_వాచీలు గారూ, మీకే ఈ ప్రశ్న: నిజంగా శబ్దం విని చెప్పగలమా? ఎలా వినిపిస్తుంది? ఆ ఒక్క పేరా నాలుగుసార్లు రాసి కొట్టేశాను.

పాత_వాచీలు:

చెప్పగలం. నాన్నగారు గడియారం వెనక మూత తియ్యకముందే చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. బాగున్న గడియారం టిక్‌కీ టాక్‌కీ మధ్య ఖాళీ సమానంగా ఉంటుంది. గోడకి వంకరగా తగిలిస్తే ఆ ఖాళీ ఒకటి పొడుగు ఒకటి పొట్టి అవుతుంది, టిక్‌టాక్... టిక్‌టాక్... అని కుంటుతున్నట్టు నడుస్తుంది, అది జబ్బు కాదు, నిటారుగా పెడితే పోతుంది. దుమ్ము పట్టినదైతే వేరు. ఖాళీ సమానంగానే ఉంటుంది కానీ శబ్దం సన్నబడుతుంది, దూరంగా వెళ్ళిపోతున్న మనిషి అడుగుల్లా. బలం కొక్కెం దాకా చేరట్లేదన్నమాట. ఒక చక్రానికి పన్ను విరిగితేనో వంగితేనో, ఆ చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకే చోట ఒక్కసారి తడబడుతుంది, మళ్ళీ మామూలే. ఎన్ని టిక్‌లకి ఒకసారి తడబడుతోందో లెక్కపెడితే ఏ చక్రమో తెలిసిపోతుంది.

మీ పిల్ల చేత లెక్కపెట్టించండి. స్తంభం గోడకి చెవి ఆనించి, వేళ్ళు మడుస్తూ.